బాపు బార్డర్‌లో, బిడ్డ ఏ బడిలో? వరంగల్ వైపు ఫౌజీ కుటుంబాలకు స్కూల్ ఎంపిక సలహా

2019 జూన్ మొదట్లో పఠాన్‌కోట్‌లో క్వార్టర్ ఖాళీ చేసి, ఆరు నల్ల ట్రంకు పెట్టెలతో కాజీపేట స్టేషన్‌లో దిగాం. మా ఆయనకు ఫీల్డ్ పోస్టింగ్ వచ్చింది. ఫ్యామిలీని తీసుకెళ్లే చోటు కాదు. బాబు ఆరో తరగతి, పాప ఒకటో తరగతి. హన్మకొండలో ఇల్లు అద్దెకు తీసుకుని, దగ్గర్లో ఉందని ఒక ప్రైవేట్ స్కూల్లో ఇద్దరినీ చేర్పించాం. దసరా సెలవుల్లో దుప్పట్లు తీద్దామని ట్రంకు తెరిస్తే, అడుగున నాలుగు మడతలు పెట్టిన నోటుబుక్ పేజీ దొరికింది. తెలుగు డిక్టేషన్. పది మాటలు. పదింటికి పది సరిగ్గానే రాశాడు, కాకపోతే హిందీ అక్షరాల్లో. పై నుంచి కింది దాకా ఒకటే ఎర్ర గీత, కింద సున్నా. మూడు నెలలుగా వాడు ఆ కాగితం ఎవరికీ చూపించలేదు.

ఆ రోజు నుంచి స్కూల్ గురించి నేను అడిగే ప్రశ్నలు మారిపోయాయి. పోయినేడాది ఎన్ని ర్యాంకులు వచ్చాయి, ఏసీ బస్సు ఉందా అని అడగడం మానేశాను. నా బిడ్డ వారం రోజులు నోరు విప్పకుండా కూర్చుంటే ఆ బడిలో ముందుగా గమనించేది ఎవరు? ఇప్పుడు అడిగేది ఈ ఒక్కటే. కింద రాసినదంతా ఆ ప్రశ్నతోనే తూచి చూసింది.

ముందు మన పరిస్థితి ఒకటి గుర్తుపెట్టుకోవాలి. సికింద్రాబాద్‌లోలాగా వరంగల్, కరీంనగర్, ఆదిలాబాద్ వైపు పెద్ద కంటోన్మెంట్ లేదు. కంటోన్మెంట్‌లో పెరిగిన పిల్లలకు "మా డాడీ ఫీల్డ్‌లో ఉన్నాడు" అంటే చాలు, పక్క బెంచీ పిల్లకు అర్థమైపోతుంది. వాళ్ల డాడీ కూడా అక్కడే ఉంటాడు. ఇక్కడ నలభై మంది క్లాసులో మిల్ట్రీ ఆయన బిడ్డ ఒక్కరే ఉండొచ్చు. ఫీల్డ్ అంటే ఏమిటో, ఫోన్ ఎందుకు కలవదో, సెలవు ఎందుకు క్యాన్సిల్ అవుతుందో ఆ బిడ్డే అందరికీ చెప్పుకోవాలి. పదేళ్ల పిల్లలకు అది చిన్న పని కాదు.

కేంద్రీయ విద్యాలయం

మీ ఆయన పీస్ స్టేషన్‌లో, అంటే కుటుంబంతో ఉండగలిగే చోట ఉండి, క్వార్టర్ దొరికే వీలుంటే, పిల్లలు ఐదో తరగతి లోపు ఉంటే, రెండో ఆలోచన లేకుండా ఆయన వెంటే వెళ్లండి. కేవీలో చేర్పించండి. 1963లో మొదలైన ఈ స్కూళ్లు బదిలీల మీద తిరిగే కేంద్ర ఉద్యోగుల పిల్లల కోసం పెట్టినవే. జోధ్‌పూర్‌లో చదివిన పాఠమే వరంగల్‌లోనూ చదువుతారు, పుస్తకాలు అవే. అడ్మిషన్లలో మనది మొదటి కేటగిరీ. అందులోనూ గత ఏడేళ్లలో ఎన్ని బదిలీలు అయ్యాయో లెక్క చూస్తారు కాబట్టి, మూవ్‌మెంట్ (బదిలీ) కాగితాలు ఒక్కటి కూడా పారేయకండి. ఒక కేవీ నుంచి ఇంకో కేవీకి టీసీ మీద మారడం మిగతా స్కూళ్లతో పోలిస్తే చాలా తేలిక. వరంగల్‌లో, కరీంనగర్‌లో, రామగుండం ఎన్టీపీసీలో కేవీలు ఉన్నాయి. ఆయన ఫ్యామిలీ వెళ్లలేని చోట ఉంటే, మీరు ఉండే ఊరి కేవీలో సీటు అడగొచ్చు. దానికి యూనిట్ నుంచి సర్టిఫికెట్ తెప్పించుకోవాలి. మేము ఈ సంగతి ఆలస్యంగా తెలుసుకున్నాం. అప్పటికి ప్రైవేట్ స్కూల్లో ఫీజు కట్టేశాం.

లోటు ఎక్కడంటే, చాలా కేవీల్లో కౌన్సెలర్‌ను ఏడాదికోసారి కాంట్రాక్టు మీద తీసుకుంటారు. బిడ్డ ఒకరికి అలవాటు పడి మనసు విప్పేసరికి ఆ మేడం మారిపోతారు. అందుకే కేవీలో కౌన్సెలర్ మీద కన్నా క్లాస్ టీచర్ మీద ఎక్కువ నమ్మకం పెట్టుకోండి.

సికింద్రాబాద్‌లో ఆర్మీ పబ్లిక్ స్కూల్

ఆర్మీ వెల్ఫేర్ ఎడ్యుకేషన్ సొసైటీ 1983 నుంచి నడుపుతున్న స్కూళ్లివి. మనకు దగ్గరగా ఉన్నవి సికింద్రాబాద్, గోల్కొండ వైపువే. ఆయన ఫీల్డ్‌కు వెళ్లినప్పుడు అక్కడ సెపరేటెడ్ ఫ్యామిలీ క్వార్టర్ (ఫీల్డ్‌లో ఉన్నవాళ్ల కుటుంబాలకు ఇచ్చే ఇల్లు) దొరికితే, పిల్లల మనసు కోణంలో చూస్తే నేను దీనికే మొదటి ఓటు వేస్తాను. అక్కడి టీచర్లలో చాలామంది ఫౌజీల భార్యలే. ఫోన్ రాని వారం ఎలా ఉంటుందో వాళ్లకు విడిగా చెప్పనక్కర్లేదు. కౌన్సెలర్‌కు కూడా రోజూ ఇవే సంగతులు వినడం అలవాటు.

కష్టం కూడా ఉంది. క్వార్టర్‌కు వెయిటింగ్ ఉంటుంది, బయట అద్దెకు ఉంటే సికింద్రాబాద్ ఖర్చు తట్టుకోవాలి. దగ్గరయిన స్నేహితులు ఏడాదికో రెండేళ్లకో వేరే స్టేషన్‌కు వెళ్లిపోతారు. అత్తమ్మకు ఒంట్లో బాగోలేదంటే రైలెక్కి రావాలి. నాకు తెలిసిన ఒక అక్క రెండేళ్లు అలాగే తిరిగింది. పిల్లలు హాయిగానే ఉన్నారు, ఆమె మాత్రం సగమైపోయింది. అమ్మ మనసు కుదురుగా లేని ఇంట్లో ఏ కౌన్సెలర్ చేసేది పెద్దగా ఉండదు. కాబట్టి ఈ ఎంపికలో మీ ఒంట్లో, మీ చేతిలో ఉన్న బలం కూడా లెక్క చూసుకోండి.

ప్రత్యేక అవసరాలున్న బిడ్డ అయితే మాత్రం సికింద్రాబాదే సరైన చోటు. ఆర్మీ వైవ్స్ వెల్ఫేర్ అసోసియేషన్ నడిపే ఆశా స్కూల్ అక్కడ ఉంది.

హన్మకొండలో ప్రైవేట్ స్కూల్

మనలో ఎక్కువమంది చేసేది ఇదే. అమ్మమ్మ వాళ్లు దగ్గర, ట్యూషన్లు దగ్గర, ఆస్పత్రి దగ్గర. సీబీఎస్‌ఈ స్కూళ్లకు అనుబంధం ఇచ్చేటప్పుడే కౌన్సెలర్ ఉండాలన్న నిబంధన ఉంది. కాబట్టి "కౌన్సెలర్ ఉన్నారా?" అని అడిగితే "ఉన్నారు మేడం" అనే అంటారు. ఆ ప్రశ్న అడిగి లాభం లేదు. ఇలా అడగండి: కౌన్సెలర్ గది ఏది, ఒకసారి చూపిస్తారా? వారంలో ఏ రోజులు వస్తారు? పిల్లలు వాళ్లంతట వాళ్లు వెళ్లొచ్చా, లేక తప్పు చేసిన వాళ్లనే పంపిస్తారా? ఒక చోట గది చూపించమంటే స్టేషనరీ పెట్టిన గది తాళం తీశారు. ఇంకో చోట చిన్న గదే, రెండు ప్లాస్టిక్ కుర్చీలు, గోడకు పిల్లలు గీసిన బొమ్మలు. బెల్లు కొట్టగానే ఒక పాప తొంగిచూసి "మేడం, ఇయ్యాల రావాల్నా?" అని అడిగింది. అంతకు మించిన రుజువు నాకు అక్కర్లేదు.

తెలుగు సంగతి ఇక్కడే ఎదురవుతుంది. 2018లో వచ్చిన చట్టంతో తెలంగాణలో ఏ సిలబస్ స్కూల్ అయినా తెలుగు తప్పనిసరి అయింది. బయటి రాష్ట్రాల్లో హిందీ, సంస్కృతం చదివి వచ్చిన మన పిల్లలు ఇంట్లో తెలుగు గడగడా మాట్లాడతారు, రాయడం మాత్రం రాదు. చూసేవాళ్లకు అది బద్ధకంలా కనిపిస్తుంది. అడ్మిషన్ రోజే "మా వాడికి తెలుగు లిపి కొత్త, ఈ ఏడాది ఎలా నేర్పిస్తారు, మార్కులు ఎలా వేస్తారు?" అని సూటిగా అడగండి. "అందరితో పాటే" అని తేల్చేసే స్కూల్‌ను పక్కన పెట్టండి. మా వాడిని తెలుగు రాదన్న ఒక్క కారణంతో కింది సెక్షన్‌లో వేశారు. వాడికి లెక్కల్లో అప్పటికే ఆ క్లాసంతటికీ చెప్పగలిగినంత వచ్చు. వాడి ముఖం చిన్నబోవడం నేను చదువు ఒత్తిడి అనుకున్నాను.

ఇంకో చిక్కు క్యాలెండర్. సీబీఎస్‌ఈ వాళ్లకు ఏప్రిల్‌లోనే క్లాసులు మొదలవుతాయి, స్టేట్ సిలబస్ బడులు జూన్ 12న తెరుస్తారు. పోస్టింగ్ ఆర్డర్ ఈ రెంటి మధ్య వస్తే ఒక సిలబస్‌లో రెండు నెలల పాఠాలు పోతాయి. ముందే నోట్సులు అడిగి పెట్టుకోవడం తప్ప దీనికి వేరే మందు లేదు.

ఊరి బడి

దీన్ని మనం చాలా తక్కువగా చూస్తాం. నాయనమ్మ, తాత ఉన్న ఊళ్లో సర్కారు బడి అంటే బంధువులే ముఖం అదోలా పెడతారు. కానీ 2022-23 నుంచి సర్కారు బడుల్లోనూ ఇంగ్లిష్ మీడియం మొదలైంది. అక్కడ కౌన్సెలర్ ఉండరు, నిజమే. అయితే హెడ్మాస్టర్ సార్ మీ ఆయనకు చదువు చెప్పిన సారే అయి ఉండొచ్చు. బిడ్డ బడి ఎగ్గొట్టి చెరువు గట్టు మీద కూర్చుంటే సాయంత్రానికి కబురు ఇంటికి చేరుతుంది. మధ్యలో చేరాల్సి వచ్చినా ఇబ్బంది ఉండదు. విద్యా హక్కు చట్టం ప్రకారం ఎనిమిదో తరగతి వరకు వయసుకు తగిన క్లాసులో చేర్చుకోవాలి, టీసీ ఆలస్యమైందని సర్కారు బడి వెనక్కి పంపకూడదు. చిన్న పిల్లలకు, అందులోనూ ఇల్లు మారిమారి అలసిపోయిన పిల్లలకు, రెండేళ్లు ఒకే ఊళ్లో ఒకే వాకిట్లో ఉండటం పెద్ద మందు. తొమ్మిది, పది తరగతులకు వచ్చేసరికి ఆ బడిలో అన్ని సబ్జెక్టులకూ టీచర్లు ఉన్నారో లేదో మాత్రం వెళ్లి చూడండి.

హాస్టల్ బడులు

ఇక్కడ పేర్లతోనే తికమక మొదలవుతుంది. రక్షణ శాఖ కింద నడిచే సైనిక్ స్కూళ్లలో మనకు దగ్గరివి విజయనగరం జిల్లాలోని కోరుకొండ, చిత్తూరు వైపు కలికిరి. ఆరు, తొమ్మిది తరగతుల్లోకే ప్రవేశ పరీక్ష. సైనికుల, మాజీ సైనికుల పిల్లలకు కోటా ఉంది. వీటికి తోడు రాష్ట్రీయ మిలిటరీ స్కూళ్లు దేశం మొత్తంలో ఐదే ఉన్నాయి. చైల్, అజ్మీర్, బెళగావి, బెంగళూరు, ధోల్‌పూర్. జవాన్ల, జేసీఓల (సుబేదార్ లాంటి జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్ల) పిల్లలకు ఎక్కువ సీట్లు ఉండేది వీటిలోనే, కానీ మన వాళ్లలో వీటి పేరు విన్నవాళ్లే తక్కువ. కరీంనగర్ జిల్లా రుక్మాపూర్‌లోని సైనిక గురుకులం వేరు. పేరులో సైనిక్ ఉన్నా అది సాంఘిక సంక్షేమ గురుకులం. ఫౌజీ పిల్లల కోసం పెట్టింది కాదు. మామునూరు, చొప్పదండి నవోదయలకు రాయించాలనుకుంటే ఒకటి గుర్తుంచుకోండి. ఏ జిల్లా నవోదయకు రాస్తారో ఆ జిల్లాలోనే ఐదో తరగతి చదువుతూ ఉండాలి. జోధ్‌పూర్‌లో ఐదు చదివిన బిడ్డ మామునూరుకు రాయలేదు.

డబ్బు సంగతి చూస్తే, 2024 జనవరి 1 నుంచి చిల్డ్రన్ ఎడ్యుకేషన్ అలవెన్స్ నెలకు 2,812 రూపాయల 50 పైసలు, హాస్టల్ సబ్సిడీ నెలకు 8,437 రూపాయల 50 పైసలు అయ్యాయి. సర్వీసులో ఉన్నవాళ్లకు ఇద్దరు పిల్లల వరకు వస్తాయి. హాస్టల్ సబ్సిడీకి ఆ బడి ఇంటికి కనీసం 50 కిలోమీటర్ల దూరంలో ఉండాలి.

డబ్బు కుదిరినా, సీటు వచ్చినా, ఒక్క విషయంలో నా మాట వినండి. ఆయన ఫీల్డ్‌కు వెళ్లిన ఏడాదే బిడ్డను హాస్టల్‌కు పంపకండి. నాన్న వెళ్లాడు, ఇప్పుడు నన్ను కూడా పంపేశారు అని పిల్లలు లోపల అనుకుంటారు, పైకి చెప్పరు. ఇంట్లో మాట వినట్లేదని, క్రమశిక్షణ వస్తుందని పంపడం ఇంకా తప్పు. ఆ మొండితనం వెనక ఉన్నది దిగులు. బిడ్డే యూనిఫాం వేసుకోవాలని ఆశపడి, తనంతట తానే పరీక్షకు చదువుకుంటే సంతోషంగా పంపండి.

లోకల్, నాన్‌లోకల్

ఇది మనసు గురించి కాదు, కానీ తర్వాత టెన్షన్ పెట్టేది ఇదే. తెలంగాణ ప్రభుత్వ ఉద్యోగాల్లో 95 శాతం స్థానికులకు. ఒకటి నుంచి ఏడో తరగతి లోపు కనీసం నాలుగేళ్లు ఎక్కడ చదివితే అక్కడ లోకల్. ఏడేళ్లూ బయటి కంటోన్మెంట్లలో చదివిన బిడ్డ సొంత ఊళ్లో నాన్‌లోకల్ అవుతుంది. ఇంజినీరింగ్, మెడిసిన్ సీట్లకు ఇంటర్‌తో ముగిసే చివరి నాలుగేళ్లు చూస్తారు. ఫౌజీ పిల్లల కోటా, మినహాయింపులు ఆ ఏడాది నోటిఫికేషన్‌లో చదువుకోవాలి. సర్టిఫికెట్లకు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లాలి. అందుకే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఎట్టి పరిస్థితుల్లోనూ బడి మార్చవద్దనేది నా సలహా. పిల్లలకు స్నేహితులు ప్రాణంలా ఉండే వయసు కూడా అదే. ఆయన మారినా మీరు కదలకండి. ప్రతి బడి నుంచి స్టడీ సర్టిఫికెట్, టీసీ జిరాక్స్, పెన్ నంబర్ (బడి రికార్డుల్లో బిడ్డకు ఉండే శాశ్వత నంబర్) ఒకే ఫైలులో పెట్టుకోండి.

కౌన్సెలింగ్‌కు ఎవరి దగ్గరికి?

ఏ బడి ఎంచుకున్నా, కొన్నిసార్లు బయటి సాయం కావాలి. సోమవారం పొద్దున్నే కడుపునొప్పి, ఎప్పుడో మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలుకావడం, చెల్లిని ఊరికే కొట్టడం, నాన్న ఫోన్ వస్తే మాట్లాడకుండా బాత్రూంలోకి వెళ్లిపోవడం, ఇవన్నీ నేను మా ఇంట్లోనో పక్కింట్లోనో చూసినవే. ఆయన వెళ్లిన కొత్తలో ఇలా ఉంటే అది మామూలే. రెండు మూడు వారాలు దాటినా తగ్గకపోతే ఆగకూడదు. మనం ఊహించని సమయం ఇంకొకటి ఉంది. ఆయన ఛుట్టీ మీద ఇంటికి వచ్చిన మూడో రోజు. అప్పటిదాకా ఇంటికి పెద్దోడిలా ఉన్న కొడుకును ఆయన "పొద్దున ఐదింటికి లేవవా?" అని గద్దిస్తాడు. ఆ రాత్రి ఇల్లంతా నిశ్శబ్దం. ఇద్దరిదీ తప్పు కాదు. ఇంట్లో ఎవరి చోటు ఏదో మళ్లీ సర్దుకోవడానికి టైం పడుతుంది.

స్కూల్ కౌన్సెలర్ రోజువారీ సంగతులకు మంచివారు, బిడ్డను క్లాసులో చూడగలరు. బిడ్డ చెప్పినదంతా స్టాఫ్ రూంలో చర్చకు రాదని ముందే మాట తీసుకోండి. ఇంట్లోంచి కదలలేని రోజున, రాత్రి పదకొండింటికి బిడ్డ ఏడుపు ఆపకపోతే, 14416కు ఫోన్ చేయండి. అది టెలిమానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్. 2022 అక్టోబర్‌లో కేంద్రం మొదలుపెట్టింది. రోజంతా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు, ఖర్చు లేదు. సైనికులకు, వాళ్ల కుటుంబాలకు పుణెలోని ఆర్మ్‌డ్ ఫోర్సెస్ మెడికల్ కాలేజీలో 2023 డిసెంబర్‌లో టెలిమానస్ ప్రత్యేక విభాగం కూడా పెట్టారు. నిద్ర, తిండి పూర్తిగా తప్పినా, చచ్చిపోతానన్న మాట ఒక్కసారి విన్నా ఫోన్‌తో సరిపెట్టకండి. నేరుగా వరంగల్ ఎంజీఎం ఆస్పత్రిలో సైకియాట్రీ ఓపీకి తీసుకెళ్లండి. "పిచ్చి డాక్టర్" అనే మాటకు జంకి నెలలు పోగొట్టుకున్న ఇళ్లు ఉన్నాయి. ప్రైవేట్‌గా క్లినికల్ సైకాలజిస్ట్ దగ్గరికి వెళ్తే రిహాబిలిటేషన్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబర్ అడగండి. అడగడానికి మొహమాటం వద్దు. బిడ్డ కోసం వెళ్లిన సంగతి ఆయన యూనిట్‌కు చేరుతుందేమోనని కొందరు భయపడతారు. ఎంజీఎం ఓపీ చీటీకి యూనిట్‌తో ఏ సంబంధమూ లేదు.

క్లాస్ టీచర్‌కు ఒక ఉత్తరం

ఆ డిక్టేషన్ పేజీ దొరికిన తర్వాత నేను గొడవకు వెళ్లలేదు. ఒక తెల్ల కాగితం మీద బాబు క్లాస్ టీచర్‌కు ఉత్తరం రాశాను. వీడు ఇప్పటిదాకా మారిన బడులు ఇవి. వాళ్ల నాన్న ఈ నెల నుంచి ఫీల్డ్‌లో ఉన్నారు, కొన్ని వారాలు ఫోన్ ఉండదు. తెలుగు లిపి కొత్త. వీడు బాధపడితే ఏడవడు, పెన్సిల్ చెక్కుతూ కూర్చుంటాడు. ఏదైనా తేడాగా కనిపిస్తే ఈ నంబర్‌కు ఫోన్ చేయండి. అంతే, అర పేజీ. ఆ మేడం చదివి, మడిచి, హాజరు పట్టీలో పెట్టుకున్నారు. తెలుగు నోటుబుక్‌లో ఎర్ర గీతలు ఆగాయి. తప్పు పక్కన సరైన అక్షరం రాసి ఇవ్వడం మొదలైంది.

2020 జూన్‌లో గల్వాన్‌లో ఇరవై మంది జవాన్లు అమరులయ్యారు. మన సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్ బాబు పేరు టీవీలో వస్తుంటే, మా ఆయన నుంచి మాకు ఫోన్ లేదు. లడాఖ్‌లో ఉన్నారని మాత్రం తెలుసు. పాప "బాపు గూడ ఆడనే ఉన్నడా?" అని అడిగింది. బాబు ఏమీ అనలేదు, లేచి టీవీ కట్టేశాడు. కరోనాతో బడులు మూతపడి ఉన్నాయి. ఆ సాయంత్రం మొదట మోగిన ఫోన్ ఆ మేడందే. "వాళ్ల నాన్న క్షేమమేనా? ఒకసారి బాబుకు ఇవ్వండి" అన్నారు. పావుగంట మాట్లాడారు. ఏం మాట్లాడారో నేను అడగలేదు. ఆయన ఫోన్ నాలుగో రోజు వచ్చింది.

ఈ ఉత్తరం కేవీకైనా, ఊరి బడికైనా, హాస్టల్ వార్డెన్‌కైనా పనికొస్తుంది. అడ్మిషన్ ఫారంతో కలిపి ఆఫీసులో ఇవ్వకండి, ఫైలులో పడిపోతుంది. క్లాస్ టీచర్ చేతికే ఇవ్వండి. ఏటా టీచర్ మారతారు కాబట్టి బడి తెరిచిన మొదటి వారంలోనే ప్రతిసారీ కొత్తగా రాయండి, ఆయన ఎక్కడున్నారో ఆ ఏటి సంగతితో.